కడలి నీదిన ఆరతీ సాహా

ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాల నడుమ సన్నని సముద్రపు పాయ ఒకటి ఉంది. దాని పేరు ఇంగ్లీషు ఛానెల్. అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఉత్తర సముద్రంతో కలిపే ఈ జలమార్గం డోవర్ వద్ద మిక్కిలి ఇరుకుగా ఉంటుంది. అక్కడ ఒక తీరం నుంచి మరొక తీరానికి దూరం దాదాపు 21 మైళ్ళు మాత్రమే. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఫ్రాన్సు ఒడ్డున నిలిచి చూస్తే ఇంగ్లండు వైపు తెల్లని సుద్దకొండలు కంటికి కనిపిస్తాయి. అయితే కంటికి కనిపించే ఆ కొండలను ఈతతో చేరుకోవడం అసాధ్యమని లోకం చాలాకాలం నమ్మింది. 1875లో మాథ్యూ వెబ్ అనే ఆంగ్ల నావికుడు 21 గంటలకు పైగా ఈది ఆ నమ్మకాన్ని వమ్ము చేశాడు. ఆయన తరువాత మరొకరు ఆ పని చేయడానికి 36 సంవత్సరాలు పట్టింది. 1926లో అమెరికా యువతి గెర్ట్రూడ్ ఎడర్లీ ఆవలి ఒడ్డు చేరేవరకు అది స్త్రీలకు అలవి కాని పని అనే అన్నారు. ఆసియా ఖండానికి చెందిన ఒక స్త్రీ ఆ నీటిని దాటడానికి ఇంకా 33 ఏళ్ళు గడవవలసి వచ్చింది. ఆమె కలకత్తా నగరానికి చెందిన ఆరతీ సాహా.

ఆరతి 1940 సెప్టెంబరు 24వ తేదీన కలకత్తాలో ఒక మధ్యతరగతి కుటుంబంలో జన్మించింది. తండ్రి పంచుగోపాల్ సాహా సైన్యంలో ఉద్యోగి. ఆమెకు ఒక అన్న, ఒక చెల్లెలు. రెండున్నరేళ్ళ పసితనంలోనే తల్లి కన్నుమూసింది. తల్లి లేని పిల్లలు తలా ఒక చోట పెరగవలసి వచ్చింది. అన్న, చెల్లెలు మేనమామ ఇంటికి చేరగా, ఆరతి ఉత్తర కలకత్తాలో నాయనమ్మ నీడన పెరిగింది. తల్లి ఒడిని ఎరుగని ఆ బాలికకు గంగ ఒడి నాలుగేళ్ళ వయస్సుకే పరిచయమైంది. పినతండ్రి స్నానానికి చాంపాతలా ఘాట్‌కు వెళుతూ ఆమెను వెంటబెట్టుకొని పోయేవాడు. పెద్దలు స్నానం ముగించి గట్టెక్కినా ఆ పిల్ల నీటిని వదలి వచ్చేది కాదు. అక్కడే ఆమెకు ఈత అబ్బింది. కుమార్తెకు నీటిపై గల మక్కువను గమనించిన తండ్రి ఆమెను హాట్‌ఖోలా ఈత సంఘంలో చేర్పించాడు.

ఆ రోజులలో ఆడపిల్లను ఈత సంఘానికి పంపడం అందరు తండ్రులూ చేసే పని కాదు. పోటీల కోసం ఈత దుస్తులు ధరించి నలుగురి ఎదుట నీట దూకడమంటే ఇరుగుపొరుగు వారి మాటలకు సిద్ధపడడమే. ఆ మాటలను పట్టించుకోని తండ్రి, పిల్లలోని ప్రతిభను పసిగట్టిన గురువు ఒకేసారి లభించడం ఆరతి అదృష్టం. ఆ గురువు సచిన్ నాగ్. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో 100 మీటర్ల ఈతలో స్వర్ణపతకం గెలిచి, ఆ క్రీడలలో భారతదేశానికి మొదటి స్వర్ణాన్ని అందించిన మేటి ఈతగాడు ఆయన. ఆయన శిక్షణలో ఆరతి 1946లో, అంటే అయిదేళ్ళ వయస్సులోనే, 110 గజాల ఈత పోటీలో ప్రథమ స్థానం పొందింది. అది మొదలు రాష్ట్రస్థాయి పోటీలలో ఆమెకు ఎదురు లేకపోయింది. 1948లో బొంబాయిలో జరిగిన జాతీయ పోటీలలో రెండు రజత పతకాలు, ఒక కాంస్య పతకం గెలిచింది. అప్పటికి ఆమె వయస్సు ఎనిమిదేళ్ళు. 1951లో 100 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్ ఈతను 1 నిమిషం 37.6 సెకన్లలో పూర్తి చేసి, అంతకు ముందు డాలీ నజీర్ పేరిట ఉన్న అఖిల భారత రికార్డును అధిగమించింది.

ఆ మరుసటి ఏడాది ఫిన్లండు రాజధాని హెల్సింకీలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. స్వతంత్ర భారతదేశం తరఫున అక్కడికి వెళ్ళిన నలుగురు మహిళలలో ఆరతి ఒకతె. తక్కిన ముగ్గురు నీలిమా ఘోష్, మేరీ డిసౌజా, డాలీ నజీర్. బృందమంతటిలోకి పిన్నవయస్కురాలు ఆరతియే. అప్పటికి ఆమెకు పన్నెండేళ్ళు కూడా నిండలేదు. 200 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్ పోటీలో 3 నిమిషాల 40.8 సెకన్లు తీసుకొని, తొలి అంచెతోనే వెనుదిరిగింది. పన్నెండేళ్ళ పిల్ల ప్రపంచస్థాయి ఈతగత్తెల సరసన నిలవడమే గొప్ప అని అనవచ్చు గాని, పోటీకి వచ్చిన వారిని వయస్సు చూసి ఎవరూ మన్నించరు. స్వదేశానికి తిరిగి వచ్చిన తరువాత మరొక ఓటమి ఎదురయింది. 100 మీటర్ల ఫ్రీస్టైల్ పోటీలో ఆమెను ఓడించింది పరాయివారెవరో కాదు, సొంత చెల్లెలు భారతి. అక్కడి నుంచి ఆరతి ఫ్రీస్టైల్‌ను పక్కన పెట్టి, తనకు బాగా పట్టుబడిన బ్రెస్ట్ స్ట్రోక్ మీదనే దృష్టి నిలిపింది. వేగంలో తనను మించిన వారు ఉన్నారని ఆమెకు తెలిసివచ్చింది. గంటల తరబడి అలుపెరుగక ఈదడంలో తనకు సాటి వచ్చేవారు తక్కువ అన్న సంగతి కూడా గంగానదిలో జరిగే దూరపు ఈత పోటీలలో క్రమంగా తేటతెల్లమయింది.

1958వ సంవత్సరం భారత ఉపఖండపు ఈత చరిత్రలో మరపురానిది. ఆ ఏడాది ఆగస్టులో తూర్పు పాకిస్తాన్‌కు చెందిన బ్రజేన్ దాస్, బట్లిన్ అంతర్జాతీయ పోటీలో పాల్గొని ఇంగ్లీషు ఛానెల్‌ను ఈదాడు. అలా ఈదిన ఆసియావాసులలో ఆయనే మొదటివాడు. ఆ పోటీలో స్త్రీపురుషులందరిలోకి ముందు ఒడ్డు చేరింది డెన్మార్క్‌లో పుట్టిన గ్రెటా ఆండర్సన్ అనే మహిళ. సెప్టెంబరు 27వ తేదీన మిహిర్ సేన్ అనే వంగదేశపు న్యాయవాది, పలుమార్లు విఫలుడైన పిమ్మట, 14 గంటల 45 నిమిషాలలో ఛానెల్‌ను దాటి భారతీయులలో ప్రథముడయ్యాడు. ఈ వార్తలు కలకత్తాలో పద్దెనిమిదేళ్ళ ఆరతి మనస్సులో కొత్త కోరికను రేపాయి. ఆమె బ్రజేన్ దాస్‌ను అభినందిస్తూ సందేశం పంపింది. ఆయన కృతజ్ఞత తెలపడంతో సరిపెట్టక, ఆ పని ఆమె వల్ల కూడా అవుతుందని బదులిచ్చాడు. అంతేకాక మరుసటి ఏడాది పోటీకి ఆమె పేరును నిర్వాహకులకు సూచించాడు. దేశ విభజన జరిగి పదకొండేళ్ళే అయింది. సరిహద్దుకు ఆవలి ఈతగాడు ఈవలి యువతికి దారి చూపిన ఈ ఉదంతం క్రీడాలోకంలో అరుదైనది. మిహిర్ సేన్ సైతం ఆమెను ప్రోత్సహించాడు.

కోరిక కలగడం వేరు, ప్రయాణానికి సిద్ధం కావడం వేరు. హాట్‌ఖోలా ఈత సంఘంలో బాధ్యుడైన డాక్టర్ అరుణ్ గుప్తా అనే వైద్యుడు ఆరతి సాహసానికి కావలసిన ఏర్పాట్లన్నీ తన భుజాలకెత్తుకున్నాడు. అన్నిటికంటె పెద్ద చిక్కు డబ్బు. ఓడకో విమానానికో టిక్కెట్టు కొంటే చాలదు. విదేశంలో నెలల తరబడి ఉండాలి. వెంట నడిచే పడవకు, దానిని నడిపే వానికి రుసుము చెల్లించాలి. దేశం విదేశీ మారకద్రవ్యానికి కటకటలాడుతున్న కాలమది. ఆరతి ఈత ప్రదర్శనలు ఏర్పాటు చేసి విరాళాలు పోగుచేశారు. అదీ చాలకపోవడంతో శ్రేయోభిలాషులు కొందరు పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్‌ని ఆశ్రయించారు. స్వయంగా పేరెన్నిక గన్న వైద్యుడైన ఆయన ఈ ప్రయత్నంలోని కష్టాన్ని గ్రహించి 11,000 రూపాయలు లభించేలా చూశాడు. ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ కూడా ఆమె యత్నంపై ఆసక్తి కనబరిచాడు.

ఒకవైపు నిధుల సేకరణ సాగుతుండగా మరొకవైపు ఆరతి అభ్యాసం మొదలయింది. ఛానెల్‌ను ఈదడానికి కావలసిన శక్తి పొట్టి పందేలకు కావలసిన శక్తి వంటిది కాదు. 100 మీటర్ల పందెంలో ఈతగాడు తన బలాన్నంతా నిమిషంలో ఖర్చు చేస్తాడు. దూరపు ఈతలో దానిని పిసినారిలా వాడుకోవాలి. చేయి విసరే తీరు మొదటి గంటలో ఎలా ఉంటుందో పన్నెండవ గంటలోనూ అలాగే ఉండాలి. ఊపిరి తడబడరాదు. ఈదుతూనే ఆహారం తీసుకోవడం అలవడాలి. అన్నిటికంటె కష్టం, గంటల కొద్దీ నీటి చప్పుడు తప్ప మరేమీ వినిపించని ఆ ఏకాంతాన్ని ఓర్చుకోవడం.

1959 ఏప్రిల్ 13వ తేదీన ఉత్తర కలకత్తాలోని దేశబంధు పార్కు చెరువు వద్ద వేలమంది గుమిగూడారు. పేరున్న ఈతగాళ్ళు కూడా వచ్చారు. వారందరి ఎదుట ఆరతి ఆగకుండా ఎనిమిది గంటలు ఈదింది. చెరువు ఈత చూడడానికి తేలికగా తోచవచ్చు. కాని ఒక గట్టు నుంచి మరొక గట్టుకు, మళ్ళీ ఈ గట్టుకు, గానుగెద్దులా వందలసార్లు తిరగడంలో శరీరం కంటె ముందు మనస్సు విసిగిపోతుంది. ముందుకు సాగుతున్నామన్న భావనే కలగదు. ఉప్పునీరు మనిషిని కొంత తేల్చి ఉంచుతుంది. మంచినీటి చెరువులో ఆ సాయం కూడా లేదు. ఎనిమిది గంటల పరీక్షలో నెగ్గిన ఆరతి కొద్దికాలానికి అంతకు రెట్టింపుగా, ఏకబిగిన పదహారు గంటలు ఈదింది. అంతసేపు ఈదిన తరువాత చివరి 70 మీటర్ల దూరాన్ని వేగంగా ఈది చూపించింది. ఒడ్డెక్కినప్పుడు ఆమెలో అలసట ఛాయలు దాదాపుగా కానరాలేదు. పదహారు గంటల పాటు పొదుపు చేసిన బలం ఇంకా మిగిలి ఉందని చూపడానికే ఆ చివరి పరుగు.

అయితే కలకత్తా చెరువు నేర్పలేని పాఠం ఒకటి ఉంది. అది చలి. వేసవిలో వంగదేశపు చెరువు నీరు గోరువెచ్చగా ఉంటుంది. ఇంగ్లీషు ఛానెల్ నీరు నడి వేసవిలో కూడా 15 నుంచి 18 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడెక్కడం అరుదు. మన శరీరపు వేడి 37 డిగ్రీలు. గాలి కంటె నీరు ఒంటి వేడిని ఎన్నో రెట్లు వేగంగా లాగివేస్తుంది. మొదట వణుకు పుడుతుంది. తరువాత చేతివేళ్ళు దగ్గరకు చేరక విడిపోతాయి. చలి ముదిరితే ఆలోచన మందగించి, తాను ఎటు పోతున్నదీ ఈతగాడికే తెలియకుండా పోతుంది. ఛానెల్ ఈతగాళ్ళు ఒంటికి కొవ్వు వంటి జిడ్డు పదార్థాలు పట్టించుకోవడం ఆనవాయితీ. చలిని ఆపడానికే అది అని చాలామంది భావించారు. నిజానికి ఆ పూత చలిని ఆపేది స్వల్పం. చంకలలో, మెడ వద్ద ఉప్పునీటి రాపిడికి చర్మం ఒరుసుకుపోకుండా కాపాడడమే దాని ముఖ్య ప్రయోజనం. చలికి అసలైన విరుగుడు ఆ చలినీటిలో ప్రతిదినం ఈది శరీరాన్ని మచ్చిక చేసుకోవడమే. కావున పోటీకి నెల రోజుల ముందే ఇంగ్లండు చేరడం ఆరతికి తప్పనిసరి అయింది.

1959 జూలై 24న ఆమె డాక్టర్ అరుణ్ గుప్తాతో కలిసి ఇంగ్లండుకు బయలుదేరింది. అక్కడ ప్రాథమిక అభ్యాసం ముగించుకొని, ఆగస్టు 13 నుంచి ఛానెల్ నీటిలోనే తుది సాధన ఆరంభించింది. ఉష్ణదేశంలో పెరిగిన పద్దెనిమిదేళ్ళ యువతికి ఆ నీటిలో మొదటి అడుగు ఎంతటి కష్టమో ఊహించవచ్చు. చలికి తోడు కెరటాలు, గాలి, ఉప్పునీరు, ఒంటికి తగిలితే నిప్పులా మండించే జెల్లీచేపలు. చెరువులో ఎన్నడూ ఎదురుకాని ఈ శత్రువులన్నిటినీ రెండు వారాలలో ఎరిగి ఉండాలి. అదే పోటీకి భారతదేశం నుంచి వచ్చిన డాక్టర్ బిమల్ చంద్ర అనే ఈతగాడు కూడా అక్కడ ఆమెకు తోడయ్యాడు.

ఛానెల్‌లో ఎన్ని కష్టాలున్నా వాటిలో రాజు ఆటుపోటుల ప్రవాహం. అక్కడి నీరు ఇంచుమించు ఆరు గంటలు ఒక దిక్కుకు, మరో ఆరు గంటలు దానికి ఎదురు దిక్కుకు ప్రవహిస్తుంది. ఫ్రాన్సు నుంచి ఇంగ్లండుకు ఈదే మనిషిని అది అడ్డంగా తోసుకుపోతుంది. ఆ తోపుడుకు ఎదురొడ్డి నిలిచే ఈతగాడు లేడు. అందువల్ల 21 మైళ్ళ దారి వంకరలు తిరిగి నలభై మైళ్ళ వరకు పెరిగిపోవచ్చు. పడవలోని మార్గదర్శి ఈ లెక్కలన్నీ వేసి, ఏ ఘడియలో నీట దిగితే ఏ ఘడియకు ఆవలి తీరంలో అనుకూల ప్రవాహం అందుతుందో నిర్ణయిస్తాడు. రైలుకు సమయం తప్పినట్లే ఇక్కడా తప్పుతుంది. కాకపోతే రైలు తప్పినవాడు స్టేషనులో మిగిలిపోతాడు, ఇక్కడ తప్పినవాడు నడిసముద్రంలో మిగిలిపోతాడు. పడవను చేతితో తాకితే ఈత చెల్లదు. ఆహారాన్ని సైతం పడవ నుంచి అందిస్తే నీటిలో తేలుతూనే తీసుకోవాలి.

ఆ ఏడాది బట్లిన్ పోటీకి 23 దేశాల నుంచి 58 మంది వచ్చారు. వారిలో స్త్రీలు అయిదుగురు. ఆగస్టు 27వ తేదీ రాత్రి ఒంటి గంటకు ఫ్రాన్సులోని కేప్ గ్రీనే నుంచి ఈత మొదలై ఇంగ్లండులోని శాండ్‌గేట్ వద్ద ముగియాలి. చీకటిలో అందరూ నీట దిగారు. ఆరతి మాత్రం ఒడ్డుననే నిలిచిపోయింది. ఆమె వెంట రావలసిన పడవ సకాలంలో చేరలేదు. పడవ లేనిదే ఈదడానికి వీలు లేదు. అది వచ్చేసరికి నలభై నిమిషాలు గడిచిపోయాయి. పదహారు గంటల ఈతలో నలభై నిమిషాలు లెక్కలోనివి కావని ఛానెల్ సంగతి ఎరుగని వారు అనుకోవచ్చు. ఆటుపోటుల లెక్కలో ఆ నలభై నిమిషాలే సర్వస్వం.

ఆరతి ధైర్యం కోల్పోక రాత్రంతా ఈదింది. తెల్లవారింది. ఉదయం పదకొండు గంటలకు ఇంగ్లండు తీరం ఇక అయిదు మైళ్ళ దూరంలో ఉంది. సరిగ్గా అప్పుడే ప్రవాహం దిక్కు మార్చుకొని ఎదురు తిరిగింది. అటుపై సాయంకాలం నాలుగు గంటల వరకు, అయిదు గంటలు శ్రమించి ఆమె ముందుకు సాగింది రెండు మైళ్ళు మాత్రమే. కొండలు ఎదురుగా కనిపిస్తున్నాయి, దగ్గరకు మాత్రం రావడం లేదు. ఆమె ఇంకా ఈదుతానంటూనే ఉన్నా పడవలోని మార్గదర్శి అంగీకరించలేదు. ఆయన ఒత్తిడి మీద, పద్నాలుగు గంటలకు పైగా ఈదిన అనంతరం, తీరానికి మూడు మైళ్ళ దూరంలో ఆమె పడవ ఎక్కవలసి వచ్చింది. మార్గదర్శిని తప్పుపట్టడం న్యాయం కాదు. ప్రాణాలు కాపాడడం ఆయన విధి. ఆలస్యమైన పడవ మాట వేరు.

పోటీ ముగిసింది. వచ్చినవారు ఎవరి దేశాలకు వారు తిరిగిపోతున్నారు. ఓడిపోయిన తీరు తెలిసిన వారెవరూ ఆరతిని నిందించి ఉండేవారు కారు. ఆమె కూడా తిరిగి రావచ్చు. కాని ప్రదర్శనలు చూసి చందాలు వేసిన కలకత్తా జనం, ముఖ్యమంత్రి పంపిన సొమ్ము, నాలుగు నెలల సాధన ఆమె కళ్ళ ఎదుట నిలిచాయి. మళ్ళీ ఇంటికి వెళ్ళి, మళ్ళీ నిధులు కూడగట్టి, మరుసటి ఏడాది రావడం కల్ల. ఈదితే ఇప్పుడే ఈదాలి. ఆమె ఇంగ్లండులోనే ఉండి రెండవ ప్రయత్నానికి సిద్ధపడింది. అప్పుడు మరొక ఆటంకం వచ్చిపడింది. అన్నీ తానై నడిపించే డాక్టర్ అరుణ్ గుప్తా జబ్బుపడ్డాడు. ఏర్పాట్లు కుంటుపడినా ఆరతి సాధనను విడువలేదు. సెప్టెంబరు సగం గడిచింది. ఛానెల్‌లో ఈత రుతువు సెప్టెంబరుతోనే ముగిసిపోతుంది. తరువాత గాలులు పెరుగుతాయి, నీరు చల్లబడుతుంది, పగలు కురచనవుతుంది. ఆమె పందొమ్మిదవ పుట్టినరోజు సెప్టెంబరు 24న ఆ నిరీక్షణలోనే గడిచింది.

చివరకు సెప్టెంబరు 29వ తేదీన అవకాశం దొరికింది. మూడు రోజులలో అమావాస్య. అమావాస్య, పౌర్ణమి దగ్గరపడే కొద్దీ ఆటుపోటుల ఉధృతి హెచ్చుతుంది. ఆ లెక్కన చూస్తే ఆగస్టు నాటి పోటీ దినం ఈ రోజు కంటె మెరుగు. అయినా ఇక ఆగడానికి రోజులు మిగలలేదు. ఈసారి పక్కన పోటీదారులు లేరు, ఒడ్డున కోలాహలం లేదు. కేప్ గ్రీనే వద్ద ఆమె ఒంటరిగా నీట దిగింది. కెరటాలు బలంగా ఉన్నాయి. ప్రవాహం ఆమెను పక్కకు తోస్తూనే ఉంది. మొదటి ప్రయత్నంలో ఎక్కడ బలం చాలక ఆగిపోయిందో ఆ చివరి మైళ్ళ కోసం ఆమె ఈసారి శక్తిని దాచుకోవలసి ఉంది. దేశబంధు పార్కు చెరువులో పదహారు గంటల తరువాత మిగుల్చుకొని చూపిన బలమే ఇక్కడ అక్కరకు వచ్చింది. 16 గంటల 20 నిమిషాలు ఈది, వంకరదారిలో మొత్తం 42 మైళ్ళు దాటి, ఆమె శాండ్‌గేట్ తీరంలో కాలు మోపింది. ఒడ్డున నిలిచి భారత పతాకాన్ని ఎగురవేసింది.

అప్పుడు లండనులో భారత హైకమిషనరుగా ఉన్న విజయలక్ష్మీ పండిట్ అందరికంటె ముందుగా ఆమెను అభినందించింది. సెప్టెంబరు 30న ఆకాశవాణి ఆ వార్తను దేశమంతటికీ వినిపించింది. మహాలయ అమావాస్య సమీపించి, దుర్గాపూజల సన్నాహాలలో మునిగి ఉన్న కలకత్తాకు ఆ ఏడు పండుగ కాస్త ముందుగానే వచ్చింది. నెహ్రూ మొదలుకొని ఎందరో ప్రముఖులు అభినందనలు తెలిపారు. 1960లో భారత ప్రభుత్వం ఆమెను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. ఆ పురస్కారం అందుకున్న తొలి భారతీయ క్రీడాకారిణి ఆరతియే.

ఆ తరువాతి జీవితం ఆడంబరం లేనిది. ఆరతి తన సాహసయాత్రకు అండగా నిలిచిన డాక్టర్ అరుణ్ గుప్తాను వివాహమాడింది. వారికి ఒక కుమార్తె కలిగింది. రైల్వేలో ఉద్యోగం చేస్తూ కలకత్తాలోనే గృహిణిగా కాలం గడిపింది. ఈనాటి క్రీడాకారులకు లభించే ప్రకటనల ఆదాయం, కోట్ల రూపాయల నజరానాలు ఆ తరం వారు ఎరుగరు. మూడు దశాబ్దాల పాటు ఆమె పేరు పోటీపరీక్షల ప్రశ్నగా మాత్రమే చాలామందికి తెలుసు. 1989లో బులా చౌదరి అనే మరొక వంగయువతి ఛానెల్‌ను ఈదినప్పుడు పత్రికలు ఆరతిని మళ్ళీ తలచుకున్నాయి.

1994 ఆగస్టులో ఆరతి కామెర్ల వ్యాధితో ఆసుపత్రిలో చేరింది. వ్యాధి ముదిరి, ఆగస్టు 23వ తేదీన కన్నుమూసింది. అప్పటికి ఆమెకు యాభై నాలుగేళ్ళు నిండడానికి ఇంకా ఒక నెల ఉంది. 1996లో కలకత్తాలో ఆమె నివాసానికి సమీపాన ఆమె ప్రతిమను నెలకొల్పారు. 1999లో భారత తపాలా శాఖ ఆమె స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.